ఇంటి ముచ్చట్లు: పెట్టె అడుగున పతకం

సంక్రాంతికో దసరాకో ఇల్లు దులిపేటప్పుడు కొందరి ఇళ్ళల్లో అటక మీద నుంచి ఒక నల్లటి ఇనప ట్రంకుపెట్టె దిగుతుంది. మూత మీద తెల్లరంగుతో ఇంగ్లీషులో రాసిన ఒక పేరు, దాని పక్కన పొడుగాటి నంబరు. "ఎవరిదండీ ఇది?" అని కొత్త కోడలు అడిగితే "తాతయ్యది. పటాళంలో పనిచేశారట" అంటారు. ఆ "అట"తోనే కథ అయిపోతుంది. పెట్టె తుడిచి, పాత దుప్పట్లు సర్ది, మళ్ళీ అటకెక్కించేస్తాం.

ఏ పటాళం? ఏ యుద్ధం? ఎక్కడెక్కడ తిరిగారు? ఆయన అక్కడ ఉన్న రోజుల్లో ఇక్కడ నాయనమ్మ ఎలా నెట్టుకొచ్చింది? ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈ వారం ముచ్చట అందుకే ఆ పెట్టె గురించి.

మనవాళ్ళకీ యుద్ధాలకీ ఏం సంబంధం?

చాలామంది అలాగే అనుకుంటారు. సైన్యం అంటే పంజాబువాళ్ళూ గూర్ఖావాళ్ళూ గుర్తొస్తారు గానీ మన పక్కింటి వెంకటేశ్వర్లుగారు గుర్తుకు రారు. కానీ లెక్కలు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో పనిచేసినవాళ్ళు 13 లక్షల పైచిలుకు. వాళ్ళలో దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. రెండో యుద్ధం నాటికి ఆ సంఖ్య 25 లక్షలు దాటింది. ఇంతమందిలో మన గోదావరి జిల్లాల వాళ్ళూ, విశాఖ, శ్రీకాకుళం వైపు వాళ్ళూ, రాయలసీమ వాళ్ళూ ఎందరో ఉన్నారు. అప్పట్లో మనం మద్రాసు రాష్ట్రం వాళ్ళం కాబట్టి కాగితాల మీద "మద్రాసీ" అని పడి, మనవాళ్ళని మనమే గుర్తుపట్టలేకపోతున్నాం.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఒక ఊరుంది. చుట్టుపక్కల దాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరది. ఆ తర్వాత కూడా తరం తరవాత తరం సైన్యంలో చేరుతూనే ఉన్నారు. యుద్ధాల్లో పోయినవాళ్ళ గుర్తుగా ఊళ్ళో స్తూపం కట్టుకున్నారు. అక్కడి పిల్లవాణ్ణి మీ తాత ఏం చేసేవాడని అడిగితే తడుముకోడు. ఊరంతా కలిసి గుర్తు పెట్టుకుంది కనక వాళ్ళకి ఆ ధీమా ఉంది. మిగతా ఊళ్ళల్లో ఒకరో ఇద్దరో వెళ్ళుంటారు. అలాంటివాళ్ళని గుర్తుపెట్టుకోవాల్సిన బాధ్యత వాళ్ళ ఇంటి మీదే పడుతుంది. ఇల్లంటే ఇంకెవరు? మనమే.

"మా మామగారు తుపాకీ పట్టలేదండీ"

ఈ మాట కూడా తరచూ వింటుంటాం. "లారీ డ్రైవరుగా చేశారంతే", "అక్కడ వంట చేసేవారు", "ఆస్పత్రిలో కట్లు కట్టేవారు" అని ఇంట్లోవాళ్ళే తీసిపారేస్తారు. పదిమందికి వండి వడ్డించే మనం ఆ మాట అనొచ్చా చెప్పండి? కొండల మీద కూర్చున్న దళానికి బియ్యం, పప్పు, కిరసనాయిలు, తూటాలు చేరకపోతే ఆ దళం ఎన్నాళ్ళు నిలబడుతుంది? వంతెన కట్టకపోతే ట్యాంకులు ఏరు ఎలా దాటతాయి? బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు శాపర్ల పటాళం పని అదే. వంతెనలు వెయ్యడం, దారులు చెయ్యడం, పాతిపెట్టిన మందుపాతరలు వెలికి తియ్యడం. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళు ఆఫ్రికా ఎడారుల్లోనూ, ఇటలీలోనూ, బర్మా అడవుల్లోనూ పనిచేశారు. తపాలా చేరవేసినవాళ్ళు, వైర్‌లెస్ దగ్గర కూర్చున్నవాళ్ళు, గాయపడినవాళ్ళని మోసినవాళ్ళు, అందరిదీ యుద్ధసేవే.

ఇంకో సంగతి. మీ ఇంట్లో పనిచేసింది మగవాళ్ళే కానక్కర్లేదు. సైనిక ఆస్పత్రుల్లో నర్సులుగా వెళ్ళినవాళ్ళున్నారు. 1942లో ఆడవాళ్ళకోసం విమెన్స్ ఆగ్జిలరీ కోర్ అని ఒక దళం పెట్టారు. టెలిఫోన్ల దగ్గరా, లెక్కల దగ్గరా, ఆఫీసుల్లోనూ పనిచేసినవాళ్ళు అందులో వేలమంది. ఏ పెద్దమ్మ ఫోటోలోనో ఖాకీ చీర కనిపిస్తే "నాటకంలో వేషమేమో" అని పేజీ తిప్పెయ్యకండి. ఒక్కసారి ఆగి అడగండి.

ఇంటి దగ్గర జరిగిన యుద్ధం

మగవాళ్ళ సంగతులకి కాగితాలుంటాయి, పతకాలుంటాయి. వాళ్ళ కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళ సంగతులకి ఏ కాగితమూ లేదు. నన్నడిగితే ముందుగా రాసుకోవాల్సింది అవే.

సైన్యంలో ఉన్నవాళ్ళ ఉత్తరం మీద ఊరి పేరు ఉండేది కాదు. "కేరాఫ్ 56 ఎ.పి.ఓ." అనో "99 ఎ.పి.ఓ." అనో ఉండేది. సైనిక తపాలా కార్యాలయం నంబరన్నమాట. మొగుడు మంచుకొండల్లో ఉన్నాడో, బెంగాలు అవతల ఉన్నాడో పెళ్ళానికి తెలిసేది కాదు. నెలనెలా మనియార్డరు వస్తే బతికున్నట్టు లెక్క. పోస్టుమాను సైకిలు గంట వినిపిస్తే ప్రాణం లేచొచ్చేది. అదే పోస్టుమాను చేతిలో తంతి ఉంటే కాళ్ళు వణికేవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువాళ్ళ వశమైనప్పుడు పదుల వేల భారత సిపాయిలు బందీలయ్యారు. వాళ్ళ కబురు నెలల తరబడి, కొందరిది యుద్ధం ముగిసేదాకా ఇంటికి చేరలేదు. ఆ రోజుల్లో బొట్టు పెట్టుకోవాలో తీసెయ్యాలో తెలీని ఇల్లాళ్ళ మనసులు ఎలా ఉండేవో ఊహించండి.

ఆ ఏడే ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. విశాఖలో ఇళ్ళకి తాళాలు వేసుకుని పల్లెలకి తరలిపోయిన కుటుంబాలు ఎన్నో. బర్మా చేజారి పోవడంతో అక్కణ్ణుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. తరవాత రేషను, కిరసనాయిలు కరువు, బట్ట కరువు. వీటన్నిటి మధ్య పిల్లల్ని పెంచి, అత్తమామల్ని చూసుకుని, పొలం కౌలు లెక్కలు కూడా చూసిన ఇల్లాలికి ఎవరు పతకం ఇచ్చారు?

స్వతంత్రం వచ్చాకా అంతే. 1962 చైనా యుద్ధంలో మన ఆడవాళ్ళు జాతీయ రక్షణ నిధికి ఒంటిమీది బంగారం ఇచ్చారు. జవాన్లకి స్వెట్టర్లు అల్లి పంపారు. 1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికో పూట భోజనం మానమని అడిగితే సోమవారం రాత్రి పొయ్యి వెలిగించని ఇళ్ళు ఉన్నాయి. 1971 డిసెంబరులో విశాఖ తీరంలో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిన రోజుల్లో కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటించి, చీకట్లో పిల్లలకి అన్నం కలిపి పెట్టిన తల్లులు ఉన్నారు. అప్పుడు ఇరవయ్యేళ్ళ కొత్త కోడలు ఇప్పుడు డెబ్బై దాటిన అమ్మమ్మ. ఆవిడ ఇంకా మన మధ్యే ఉంది. అదే మన అదృష్టం, తొందరపడాల్సిన కారణం కూడా.

ఎలా అడగాలి?

"యుద్ధం గురించి చెప్పమ్మమ్మా" అంటే ఏమీ చెప్పరు. "ఏముందే, పాత సంగతులు" అని చెయ్యి ఊపేస్తారు. చిన్నచిన్న ప్రశ్నలు అడగండి. తాతయ్య సెలవు మీద వస్తే ఏ స్టేషన్లో దిగేవారు? వచ్చేటప్పుడు పెట్టెలో ఏం తెచ్చేవారు? ఉత్తరం ఎవరు చదివి పెట్టేవారు, జవాబు ఎవరు రాసేవారు? రేడియోలో జవాన్ల కోసం వివిధ భారతి వేసే "జయమాల" వినేవారా? యుద్ధం అయిపోయిందని ఎవరు చెప్పారు? ఆ పూట ఇంట్లో ఏం వండారు? ఇలా అడిగితే ఒక జ్ఞాపకం ఇంకో జ్ఞాపకాన్ని లాక్కొస్తుంది.

చిక్కుళ్ళు తీస్తూనో, వత్తులు చేస్తూనో అడిగితే ఇంకా మంచిది. చేతులు పనిలో ఉంటే మాట సులువుగా వస్తుంది. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకోండి, అయితే చెప్పి మరీ చెయ్యండి. ఆ గొంతు ముందు ముందు మనవలకి ఎంత విలువైనదో మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. యుద్ధం చూసొచ్చిన చాలామంది మగవాళ్ళు నోరు విప్పరు. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచినా పొద్దున్నే మామూలుగా కాఫీ అడుగుతారు. వాళ్ళని "ఎంతమందిని చంపారు తాతయ్యా?" అని పిల్లలు అడగకుండా చూడండి. పక్కన కూర్చునే స్నేహితుల పేర్లు అడగండి, తిన్న తిండి గురించి అడగండి. చెప్పకపోతే వదిలెయ్యండి. ఆయన మౌనం కూడా ఆయన సేవలో భాగమే.

పతకాలకి చింతపండు పెట్టకండి

పెట్టెలో వస్తువుల దగ్గర మన ఇల్లాళ్ళం ఉత్సాహంగా చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఇత్తడి చెంబులాగా పతకాన్ని కూడా చింతపండుతోనో పీతాంబరితోనో తళతళలాడించడం. చాలా పతకాల అంచు చుట్టూ సన్నటి అక్షరాల్లో నంబరు, పేరు, దళం పేరు చెక్కి ఉంటాయి. నాలుగుసార్లు తోమితే అవి అరిగిపోతాయి. పేరు పోయిన పతకం ఎవరిదైనా ఒకటే! మెత్తటి పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బను ఉతక్కండి, రంగులు కలిసిపోతాయి. ఏ యుద్ధానికి ఏ పతకమో చెప్పేది ఆ రంగులే. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పనిచేసినవాళ్ళకి బర్మా స్టార్, 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, 1971లో తూర్పున ఉన్నవాళ్ళకి పూర్వీ స్టార్, పడమట ఉన్నవాళ్ళకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. మీ ఇంట్లో ఉన్నది ఏదో చూస్తే ఆయన ఎటువైపు వెళ్ళారో సగం తెలిసిపోతుంది.

ఇక ఫోటోలు. పాత ఫోటోని లామినేషను చేయించకండి. ఒకసారి చేయించాక మళ్ళీ ఊడదీయడం కుదరదు. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి, అద్దంతో సహా ఫోటో తీయించండి. వెనకాల బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు గీతలు పడతాయి. మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి రాయండి. పక్కన నిలబడ్డ స్నేహితుడి పేరు తెలిస్తే అదీ రాయండి. ఆయన ఇంట్లో ఈ ఫోటో ఉందో లేదో!

ఉత్తరాల చిరుగులకి సెలోటేపు వెయ్యకండి, కొన్నాళ్ళకి పచ్చబడి అక్షరాలని తినేస్తుంది. మడతలు విప్పి, నీరెండ కూడా తగలని చోట చదునుగా పరిచి, ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి ఉంచండి. ప్లాస్టిక్ కవర్లలో చెమ్మ పట్టేస్తుంది. ట్రంకుపెట్టెని నేల మీద కాకుండా రెండు చెక్కల మీద పెట్టండి. వానాకాలం వెళ్ళాక ఖాళీ పెట్టెని ఎండబెట్టండి. కాగితాలని మాత్రం ఎండలో పెట్టకండి. నాఫ్తలీను ఉండలు వెయ్యాలనుకుంటే గుడ్డలో మూటకట్టి మూలన ఉంచండి, కాగితాలకి తగలకూడదు. అన్నిటికన్నా ముందు కిటికీ వెలుతుర్లో ప్రతి కాగితాన్నీ ఫోన్‌తో ఫోటో తీసి ఇద్దరు ముగ్గురు పిల్లలకి పంపించి ఉంచండి.

ఉత్తరాలు దాచడం వల్ల ఏం ఒరుగుతుందంటారా? 1999 కార్గిల్ యుద్ధంలో ప్రాణాలిచ్చి మహావీర చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్యది మన హైదరాబాదు. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఆయన తండ్రికి ఉత్తరం రాశారు. గర్భవతిగా ఉన్న భార్యకి రోజుకో మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకి మంచి గుణాలు అబ్బుతాయని అందులో కోరారు. తండ్రిని చూడని ఆ బిడ్డకి ఆ ఒక్క కాగితం ఎంతటి ఆస్తో ఆలోచించండి.

ఆ నంబరుతో పని ఉంది

పెట్టె మీది నంబరు అలంకారానికి రాసింది కాదు. అది సర్వీసు నంబరు. సైన్యంలో ఏ కాగితం కదలాలన్నా అదే తాళంచెవి. ప్రతి దళానికీ రికార్డు ఆఫీసు ఉంటుంది. మద్రాసు రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో, మద్రాసు శాపర్లది బెంగళూరులో, ఫిరంగి దళానిది నాసిక్ రోడ్డులో, ఇ.ఎం.ఇ. వాళ్ళది సికింద్రాబాదులో. నంబరు, పేరు, దళం రాసి పంపితే ఆయన సర్వీసు వివరాల కోసం అడగొచ్చు. దారి తెలీకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి.

ఇందులో డబ్బు సంగతీ ఉంది. పింఛనుదారైన మామగారు పోయాక అత్తగారికి కుటుంబ పింఛను రావాలంటే డిశ్చార్జి పుస్తకం, పి.పి.ఓ. నంబరు కావాలి. పెళ్ళి వివరాలు సైన్యం రికార్డుల్లోకి ఎక్కి ఉండాలి. ఆ పుస్తకంలో "సుబ్బలక్ష్మి" అనీ, ఆధార్‌లో "లక్ష్మి" అనీ ఉంటే తిరుగుడే తిరుగుడు. ఆయన ఉండగానే ఇద్దరి పేర్లూ, పుట్టిన తేదీలూ సరిచూసుకోండి. పింఛను లేకుండా వచ్చేసిన మాజీ సైనికులకీ, వాళ్ళ భార్యలకీ కూడా కొన్ని సాయాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ళ భార్యలకి కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు నెలనెలా డబ్బు ఇస్తున్నాయి. మొహమాటపడకుండా అడగండి, అది ధర్మం కాదు, హక్కు.

తిరిగి రానివాళ్ళ కోసం

కొన్ని ఇళ్ళల్లో పెట్టె కూడా తిరిగి రాలేదు. "చిన్న తాతయ్య బర్మాలో పోయాడట" అన్న ఒక్క మాటే మిగిలింది. అలాంటివాళ్ళ పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పోయినవాళ్ళ వివరాలని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకునేలా పెట్టింది. పేరు, నంబరు, దళం, పోయిన తేదీ ఉంటాయి. కొందరికి తల్లిదండ్రుల పేర్లూ, భార్య పేరూ, ఊరి పేరూ కూడా ఉంటాయి. దహనం చేసినవాళ్ళకీ, శరీరం దొరకనివాళ్ళకీ సమాధి ఉండదు కనక స్మారక ఫలకాల మీద పేర్లు చెక్కారు. బర్మాలో తౌక్యాన్ దగ్గరున్న రంగూన్ స్మారకం మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి. స్వతంత్రం వచ్చాక పోయినవాళ్ళ పేర్లు 2019లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద ఉన్నాయి.

వెతికేటప్పుడు ఒక చిట్కా. ఇంగ్లీషులో మన పేర్లని తెల్లదొరలు ఇష్టమొచ్చినట్టు రాశారు. అప్పయ్య, అప్పన్న, అప్పారావు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఊరి పేర్లూ అంతే. విజయవాడ బదులు బెజవాడ, కాకినాడ బదులు కొకనాడ, విశాఖ బదులు వైజాగపటం. నాలుగైదు రకాలుగా రాసి చూడమని కాలేజీకి వెళ్ళే పిల్లలకి చెప్పండి. సెలవుల్లో వాళ్ళకీ ఒక పని.

ప్రయాణపు పిండివంట

చివరగా మన వంటింటి సంగతి. సెలవు ముగించుకుని వెళ్ళేవాడి పెట్టెలో ఏం పెట్టాలన్నది ఆ రోజుల్లో పెద్ద లెక్క. రెండు మూడు రోజుల రైలు, తరవాత లారీ, ఆపైన ఎక్కడికో. తడి తగిలిన వంట ఏదీ నిలవదు. అందుకే మినుములు కమ్మగా వేయించి, విసిరి, బెల్లం, నెయ్యి వేసి చుట్టిన సున్నుండలు. గట్టిగా నొక్కిన అరిసెలు. పాకం ముదరనిచ్చిన వేరుశనగ చిక్కీ. జంతికలు. కందిపొడి. నూనె పైకి తేలేలా అదిమి, మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ. అక్కడ చపాతీలో నంజుకుని నలుగురూ పంచుకు తినేవారు. అటు నుంచి మనకి వచ్చినవీ ఉన్నాయి. రాత్రిపూట చపాతీ, సుష్టుగా చాయ్ మన అన్నం తినే ఇళ్ళల్లో కొన్నిటికి పటాళం నుంచి వచ్చిన అల్లుడో కొడుకో చేసిన అలవాటే.

మీ ఇంట్లో ఆ పెట్టెలోకి ఏం వెళ్ళేదో అడిగి, ఆ కొలతలతోనే రాసుకోండి. ఆయన తిథి నాడో, డిసెంబరు 7 సైనిక పతాక దినం నాడో అదే వండండి. పిల్లలకి పెడుతూ "ఇది తాతయ్య రైలెక్కేటప్పుడు నాయనమ్మ కట్టిచ్చేది" అని చెప్పండి. ఉపన్యాసాలు వినని పిల్లలు సున్నుండ తింటూ కథ వింటారు.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక నోటుపుస్తకం తియ్యండి. మొదటి పేజీలో ఆయన పేరు, నంబరు, దళం రాయండి. ఆ పక్క పేజీలో ఆయన కోసం ఎదురుచూసిన ఆవిడ పేరు కూడా రాయండి. ఇద్దరివీ సమానమైన పేజీలు ఉండాలి సుమా! మిగతాది అమ్మమ్మ నోటితో నింపుదురు గాని. వచ్చే వారం ఇంకో ముచ్చటతో కలుద్దాం.